తినలేదమ్మా, ఫోటోలే తీశాను

అమ్మా,

నేను పంపిన పుట్టగొడుగుల ఫోటోలు బావున్నాయని ఒక్క మాట అనకుండా "తిన్నావా ఏంటి?" అని అడిగావు చూడు. తినలేదు, ఒట్టు. లండన్ పక్కనున్న ఈ ఎప్పింగ్ అడవిలో పుట్టగొడుగులు కోయడమే నిషేధం. ఆఫీసు మామూలే, చెప్పుకోడానికి ఏం లేదు.

నిన్న శనివారం, గదిలో గోడలు చూస్తూ కూర్చోలేక ట్యూబ్ రైలెక్కి లౌటన్ స్టేషన్‌లో దిగి అడవిలోకి నడిచాను. రాత్రంతా వాన. నేల కనిపించకుండా రాగి రంగు ఆకులు. తెల్ల చుక్కల ఎర్రది ఉందే, దాని పేరు ఫ్లై అగారిక్, బర్చ్ చెట్ల కింద మొలుస్తుంది, పూర్వం ముక్కలు పాలల్లో వేసి ఈగల్ని చంపేవారట. దాన్ని తీయడానికి ఫోన్ తలకిందులు చేసి నేలకి ఆనించి నేను ఆకుల్లో బోర్లా పడుకుంటే, కుక్కతో వస్తున్న పెద్దావిడ నేను పడిపోయాననుకుని పరిగెత్తుకొచ్చింది! వారం మొత్తంలో ఆఫీసు వాళ్లు కాకుండా నాతో మాట్లాడింది ఆవిడే. ఇది చదివి మళ్లీ బెంగ పెట్టుకోకు, ఊరికే చెప్పాను.

పడిపోయిన బీచ్ అనే చెట్టు మాను మీద ఇంకో రకం, మన ఆవకాయ జాడీ మూతలా తెల్లగా, జిగటగా, ఎంత పల్చనంటే వెలుతురు అందులోంచి దిగుతోంది. దాని దగ్గరే అరగంట కూర్చున్నాను.

లేత ఆకుపచ్చ డెత్ క్యాప్ కూడా కనిపించిందనుకుంటా, ఆ ఫోటో కావాలనే పంపలేదు. ఉడికించినా దాని విషం పోదు, తిన్నాక ఆరు గంటలు పైనే ఏమీ తెలియదు, తెలిసేసరికి లివర్‌కి ఎక్కేస్తుంది. చెప్పేశాను కదా, ఇప్పుడు తిట్టుకో. ముట్టుకోను కూడా లేదు.

ఉరుములు ఉరిమిన మర్నాడు తాతయ్య పుట్టగొడుగులు తువ్వాల్లో మూటగట్టి తెచ్చేవాడు గుర్తుందా? కాడ తెంపకురా, పుట్ట లోపలి దాకా ఉంటుంది అనేవాడు. ఏది మంచిదో ఎలా పోల్చుకునేవాడో నేనెప్పుడూ అడగలేదు. నీకేమైనా చెప్పాడా?

నాన్న షుగర్ టెస్టు చేయించుకున్నారా లేదా? "చూద్దాంలే" అంటే ఒప్పుకోను. ఇవాళ్టి నుంచి ఇక్కడ గడియారం గంట వెనక్కి పెట్టారు, నా ఆఫీసు అయ్యేసరికి మీకు రాత్రి పదకొండవుతుంది. మేలుకుని కూర్చోకండి, పొద్దున్నే ఫోన్ చేస్తాను.

జాడీ మూత లాంటి దాన్ని నాన్నకి పెద్దది చేసి చూపించు. అద్దాలు పెట్టుకోమను.

నీ చిన్నోడు