నకిలీ రిపేరు సాఫ్ట్‌వేర్: ఫార్మాట్ కంటే ముందు ఫైళ్లను కాపాడుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

డిజిటల్ అరెస్టుల గురించీ, ఓటీపీ మోసాల గురించీ పత్రికలు విరివిగా రాస్తున్నందువల్ల చెన్నైలోని తెలుగువారిలో పెద్ద వయసు వారు కూడా తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఇప్పుడు జాగ్రత్త పడుతున్నారు. అయితే ఫోన్‌తో పని లేకుండా కంప్యూటర్ తెర మీదనే మొదలయ్యే మరో మోసం గురించి అంత చర్చ జరగడం లేదు. మీ సిస్టమ్ పాడైంది, వెంటనే బాగు చేసుకోండి అంటూ తనంతట తానే తెర మీదికి వచ్చే నకిలీ రిపేరు సాఫ్ట్‌వేర్ గురించి నేను చెబుతున్నాను. పెరంబూరు ప్రాంతంలో చాలా ఏళ్లుగా కంప్యూటర్ సర్వీసు పనిలో ఉన్నవాడిగా నేను చూసినంతలో, ఆ సాఫ్ట్‌వేర్ చేసే నష్టం కంటే దాన్ని చూసి కంగారుపడి మనం చేసే పనుల వల్ల, ముఖ్యంగా డిస్కును ఫార్మాట్ చేయించడం, అంటే అందులోని సమస్తం చెరిపించడం వల్ల, జరిగే నష్టమే ఎక్కువ. ఆ నష్టాన్ని చాలావరకు తప్పించవచ్చు కాబట్టే ఈ ఉత్తరం కొంత వివరంగా రాస్తున్నాను.

2010 చివరి నుంచి అనేక దేశాల్లో కంప్యూటర్లను పట్టి పీడించిన ఇలాంటి ప్రోగ్రాముల కుటుంబానికి భద్రతా నిపుణులు ఫేక్‌సిస్‌డెఫ్ అని పేరు పెట్టారు. అది ఒకరి కంప్యూటర్‌లో సిస్టమ్ రిపేర్ అనీ, మరొకరి దగ్గర విండోస్ రికవరీ అనీ, సిస్టమ్ ఫిక్స్ అనీ, స్మార్ట్ హెచ్‌డీడీ అనీ పేర్లు మార్చుకుంటూ వచ్చేది. హార్డ్ డిస్కు చెడిపోయిందనీ, ర్యామ్ వేడెక్కిందనీ వరుసగా హెచ్చరికలు చూపి, పూర్తి వెర్షన్ కొంటే తప్ప బాగుపడదని చెప్పేది. ఆ మాట నమ్మించడానికి అది వాడిన ఉపాయం చాలా క్రూరమైనది. డిస్కులోని ఫైళ్లకూ ఫోల్డర్లకూ కనిపించకుండా దాచే హిడెన్ గుర్తు తగిలించి, స్టార్ట్ మెనూలోనూ డెస్క్‌టాప్ మీదా ఉండే షార్ట్‌కట్లను తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ ఫోల్డరు లోపల ఎస్ఎమ్‌టీఎమ్‌పీ అనే మరో ఫోల్డరులోకి తరలించేది. కంప్యూటర్ తెరిచినవారికి నల్లటి తెర, ఖాళీ ఫోల్డర్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. బీరువా మీద దుప్పటి కప్పి, బీరువాయే పోయిందని ఇంటివారిని నమ్మించినట్టుగా ఉండేది ఆ పని. ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి.

ఈ సంగతి తెలియకపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి మా తెలుగువారి డీటీపీ దుకాణాలే ఉదాహరణ. పెళ్లి శుభలేఖలు, పూజా పత్రికలు, సంఘాల వార్షిక సంచికలు కూర్చే మనవాళ్లలో చాలామంది అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము ఇబ్బంది లేకుండా నడుస్తాయన్న కారణంతో ఇప్పటికీ పాత విండోస్ 7 యంత్రాలనే వాడుతున్నారు. ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. అలాంటి ఒక పెద్దాయన కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ మాయమయ్యాయని ఒక దుకాణానికి తీసుకువెళితే, అక్కడివారు డేటా పోయిందని తేల్చేసి ఫార్మాట్ చేసి, కొత్త విండోస్ వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఆయన నా దగ్గరకు వచ్చి జరిగింది వివరించగా, మొదట్లో ఆయన ఫైళ్లు కేవలం కనిపించకుండా పోయాయనీ, ఫార్మాట్ తర్వాతనే నిజంగా పోయాయనీ నాకు అర్థమైంది. ఎన్నో కుటుంబాల శుభలేఖల మూల ప్రతులు, తమ సంఘం పాత సంచికల పేజీలు అందులో ఉన్నాయట. కొన్నిటిని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తీయగలిగినా, పేజ్‌మేకర్ ఫైళ్లలో చాలావరకు తెరుచుకోలేదు. ఆ దుకాణంవారికి దురుద్దేశం ఉందని నేను అనను. ఫార్మాట్ చేయడం తేలిక, శుభ్రపరచడం కష్టం అన్న అలవాటు మా వృత్తిలో బలంగా పాతుకుపోయింది, అదే నాకు బాధ.

ఫైళ్లు నిజంగా పోయాయో, దాచబడ్డాయో తెలుసుకోవడానికి నిపుణుడు కూడా అక్కరలేదు. సి డ్రైవ్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే ఎంత స్థలం నిండి ఉందో చూపుతుంది. ఫోల్డర్లు ఖాళీగా కనిపిస్తున్నా నిండిన స్థలం మునుపటిలాగే ఉంటే, ఫైళ్లు అక్కడే ఉన్నట్టు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటమ్స్ చూపమని ఎంచుకుంటే అవి మసక రంగులో ప్రత్యక్షమవుతాయి. డిస్కు నిజంగానే చెడిపోతున్నదా అన్న అనుమానం ఉంటే, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలను చదివే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. డిస్కు నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంటే మాత్రం ఇక ఏ ప్రయోగమూ చేయకుండా యంత్రాన్ని ఆపేయాలి.

ఇక తొలగించే క్రమం. మొట్టమొదట నెట్ కేబులు తీసేయాలి లేదా వైఫై ఆపాలి, తెర మీద కనిపించే ఏ నంబరుకూ ఫోన్ చేయకూడదు. తర్వాత ముఖ్యమైన ఫైళ్లను బయటికి తీసుకోవాలి. ఇందుకు నేను ఎక్కువగా నమ్మే మార్గం, మరో మంచి కంప్యూటర్‌లో తయారు చేసుకున్న, విండోస్‌కు బదులు వాడే లినక్స్ రకమైన ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని మొదలుపెట్టడం. అలా చేస్తే విండోస్ నడవదు, దానిలోని నకిలీ ప్రోగ్రామూ నడవదు. విండోస్ పెట్టిన హిడెన్ గుర్తును లినక్స్ సాధారణంగా పట్టించుకోదు కాబట్టి ఫైళ్లన్నీ మామూలుగా కనిపిస్తాయి, వాటిని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు సంకేత రూపంలో ఉంటే మాత్రం దాన్ని తెరిచే రికవరీ కీ కావాలి. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. డాక్యుమెంట్లు, ఫొటోలు, పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకోవాలి తప్ప, డౌన్‌లోడ్స్‌లోని సెటప్ ఫైళ్లను వెంట తెచ్చుకోకూడదు.

కాపీ పూర్తయ్యాకే తొలగింపు మొదలుపెట్టాలి. విండోస్ 7లో యంత్రం మొదలయ్యేటప్పుడు ఎఫ్8 మీట నొక్కీ, విండోస్ 10, 11లలో షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ ఎంచుకునీ, తప్పనిసరి వాటితో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లవచ్చు. నకిలీ ప్రోగ్రాము ఆగకుండా అడ్డుపడుతుంటే ఆర్‌కిల్ అనే చిన్న పనిముట్టు దాన్ని నడవకుండా నిలిపివేస్తుంది. అది నిలిపివేస్తుందే కానీ తొలగించదు, కాబట్టి దాన్ని నడిపాక రీస్టార్ట్ చేస్తే శ్రమ వృథా అవుతుంది. వెంటనే మాల్‌వేర్‌బైట్స్ వంటి నమ్మకమైన తొలగింపు ప్రోగ్రాముతో పూర్తి స్కాన్ చేయించి, ఆ తర్వాతే రీస్టార్ట్ చేయాలి. విండోస్ 10, 11లలో వాటితో పాటే వచ్చే రక్షణ ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లోనే ఆఫ్‌లైన్ స్కాన్ అనే సదుపాయం ఉంది. అది విండోస్ పూర్తిగా మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి లోతుగా దాగినవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. భయపెట్టి కొనిపించే క్లీనర్లను కూడా అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా గుర్తించి తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2018 మార్చి 1 నుంచే అమలు చేస్తున్నందువల్ల, చాలామందికి డిఫెండర్ ఒక్కటే సరిపోతుంది.

ఇక్కడ మా వృత్తిలోని వారికి కూడా ఒక హెచ్చరిక అవసరం. వైరస్ కేసు రాగానే అలవాటు కొద్దీ టెంప్ ఫోల్డరును ఖాళీ చేసే పద్ధతి మనలో ఉంది. ఫేక్‌సిస్‌డెఫ్ వంటిది పడిన యంత్రంలో అలా చేస్తే, అందులో దాచి ఉంచిన షార్ట్‌కట్లన్నీ శాశ్వతంగా పోతాయి. కాబట్టి స్కాన్ తర్వాత ముందుగా షార్ట్‌కట్లను వాటి చోటికి చేర్చి, ఫైళ్ల హిడెన్ గుర్తును తీసి, టెంప్ ఫోల్డరు జోలికి అన్నిటికంటే చివర వెళ్లాలి. హిడెన్ గుర్తు తీయడానికి అన్‌హైడ్ అనే ఉచిత పనిముట్టు ఉంది, విండోస్‌లో ఉండే ఆట్రిబ్ ఆదేశమూ ఉంది. విండోస్ తన అవసరానికి దాచుకున్న సిస్టమ్ ఫైళ్లను కదిలించకుండా, వాడేవారి ఫోల్డర్ల వరకే దాన్ని వాడటం మంచిది.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతాయి కదా అనవచ్చు. వెతికేవారికి ఎదురయ్యే రెండో ఉచ్చు అక్కడే ఉంది. ఫలానా నకిలీ ప్రోగ్రామును ఎలా తొలగించాలి అని వెతికితే, తొలగించే పద్ధతి చెబుతున్నట్టు మొదలై చివరికి మరో డబ్బు కట్టే క్లీనర్‌ను అంటగట్టే పేజీలు వరుసగా వస్తాయి. ఏ పనిముట్టునైనా దాన్ని తయారు చేసినవారి సొంత సైట్ నుంచే, అదీ వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి.

స్కాన్ చేస్తున్నట్టు కదిలే పచ్చ గీతను చూసి, ఏదో నిజంగానే వెతుకుతోందని చదువుకున్నవారు సైతం నమ్ముతున్నారు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో బయటపెట్టిన వ్యవహారం వారికి కనువిప్పు కావాలి. ఆఫీసు సామగ్రి అమ్మే అక్కడి ఆఫీస్ డిపో దుకాణాలలో వాడిన ఆరోగ్య పరీక్ష ప్రోగ్రాములో, మొదట అడిగే నాలుగు ప్రశ్నలలో ఏ ఒక్కదానికి కస్టమర్ అవునని చెప్పినా, కంప్యూటర్ ఎంత శుభ్రంగా ఉన్నా సరే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాముల) లక్షణాలు ఉన్నట్టే ఫలితం వచ్చేది. ఆ కంపెనీ, ఆ ప్రోగ్రామును సమకూర్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించి వ్యవహారాన్ని పరిష్కరించుకున్నాయి. 2024లో రీస్టోరో, రీఇమేజ్ అనే కంపెనీలు, విండోస్ హెచ్చరికల్లా కనిపించే ప్రకటనలతో వినియోగదారులను భయపెట్టాయన్న అదే కమిషన్ ఆరోపణపై 2.6 కోట్ల డాలర్లు కట్టేందుకు అంగీకరించాయి. అందులో సాఫ్ట్‌వేర్ అమ్మకం మొదటి మెట్టు మాత్రమే. కొన్నాక ఫోన్ చేయమని చెప్పి, అవతలివారు మరింత ఖరీదైన రిపేరు సేవలు అమ్మేవారు. ఇలా ఫోన్ల ద్వారా మోసం చేసే కాల్ సెంటర్లు మన దేశంలోనూ నడిచాయి. సీబీఐ 2023 అక్టోబరులో ఆపరేషన్ చక్ర 2 పేరుతో అనేక చోట్ల సోదాలు జరిపినప్పుడు, టెక్ సపోర్ట్ మోసాలపై మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులు కూడా అందులో భాగంగా ఉన్నాయి.

ఈ మధ్య నా దగ్గరకు వస్తున్న కేసులలో చాలావాటికి అసలు ఏ ప్రోగ్రామూ ఎక్కి ఉండటం లేదు. ఏదో సినిమా సైటులోనో, ప్రింటర్ డ్రైవరు కోసం వెతికిన సైటులోనో, నోటిఫికేషన్లు పంపవచ్చా అన్న ప్రశ్నకు అలవాటుగా అలౌ నొక్కి ఉంటారు. అప్పటి నుంచి తెర కింది మూలలో వైరస్ హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. క్రోమ్ సెట్టింగులలో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైటు పేరు తీసేస్తే రెండు నిమిషాల్లో సమస్య తీరిపోతుంది. దీనికి సైతం ఫార్మాట్ చేయించుకుని డబ్బు కట్టినవారు ఉన్నారు.

డబ్బు ఇప్పటికే కట్టేసినవారు సిగ్గుపడి ఊరుకోకూడదు. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు నిలిపివేయించి, సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఆ తెర ఫొటో, రసీదు మెయిలు, స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ కనిపించే వరుస దాచి ఉంచుకుంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. ఈ అమ్మకాలలో చాలావరకు విదేశీ సైట్ల ద్వారా జరుగుతాయి, అలాంటి చోట్ల ఓటీపీ అడగకుండానే డబ్బు వెళ్లిపోవచ్చు. కార్డు మీద విదేశీ వాడకాన్ని ఆపుకునే వీలు రిజర్వ్ బ్యాంకు నిబంధనల మేరకు 2020 అక్టోబరు నుంచి అందరికీ ఉంది కాబట్టి, అవసరం లేనివారు బ్యాంకు యాప్‌లో దాన్ని ఆపి ఉంచడం మంచిది. కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము ద్వారా ఎవరికైనా దాన్ని అప్పగించి ఉంటే, ఆ ప్రోగ్రామును తొలగించి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే యంత్రం నుంచి మార్చుకోవాలి.

నగరంలోని తెలుగు సంఘాలు తమ సభలలో సైబర్ మోసాలపై ప్రసంగాలు ఏర్పాటు చేస్తున్నాయి. వాటిలో ఒక్క అరగంట, ఫైళ్లు దాచబడ్డాయో లేదో చూసుకోవడం, బ్రౌజర్ నోటిఫికేషన్లు తీసేయడం తెర మీద చేసి చూపితే, మా డీటీపీ సోదరులకూ, పిల్లలు దూరంగా ఉండి ఒంటరిగా కంప్యూటర్ వాడుకుంటున్న పెద్దలకూ ఎంతో మేలు జరుగుతుంది. కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సెర్ట్‌ఇన్ సంస్థ నడుపుతున్న సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత తొలగింపు పనిముట్లను అందిస్తున్న విషయం కూడా అక్కడ చెప్పాలి.

సాటి సర్వీసు దుకాణాలవారికి నా విన్నపం ఒకటే. కంప్యూటర్ చేతికి తీసుకునేటప్పుడే ఇందులో కావలసిన ఫైళ్లు ఏమేమి ఉన్నాయని అడిగి జాబ్ షీటు మీద రాయండి. ఫార్మాట్ తప్పదనుకుంటే, కాపీ తీశామా లేదా అన్నది అదే కాగితం మీద రాసి, కస్టమర్ సంతకం తీసుకున్న తర్వాతే మొదలుపెట్టండి.

భవదీయుడు,
కంప్యూటర్ సర్వీసు వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై