వార్షిక నివేదిక: ఈ ఏడాది మన ఊరు చూశాం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే చేసుకున్నాం. దీపావళికి ఎంతమంది వస్తారో సరిగ్గా అంచనా వేయలేదు, భోజనాలు సగంలో ఉండగానే పులిహోర అయిపోయింది. తప్పు కార్యవర్గానిదే. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. నేను చెప్పాలనుకున్నది ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన శనివారం నడకల గురించి.

అమెరికాలో షికాగో దగ్గరున్న ఈ నేపర్‌విల్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న మాకూ తెలిసింది ఆఫీసు, స్కూలు, ఇండియన్ స్టోరు, పక్కనే అరోరాలో బాలాజీ గుడి. డౌన్‌టౌన్ అంటే పార్కింగ్ దొరకని చోటు, అంతే. ఈ ఊరికి ఆ పేరెలా వచ్చిందని పిల్లలు అడిగితే ఒక్కరం చెప్పలేకపోయాం.

జోసెఫ్ నేపర్ అనే ఓడ కెప్టెన్ 1831లో కొన్ని కుటుంబాలతో వచ్చి డుపేజ్ నది ఒడ్డున దిగాడు. అప్పటికి ఇది పొటవాటమీ తెగవాళ్లు తిరిగే నేల. 1839లో డుపేజ్ కౌంటీకి ఇదే కేంద్రమైంది. తర్వాత పక్కనున్న వీటన్ పోటీకొచ్చి ఓట్లలో నెగ్గింది. అయినా రికార్డులు చేతికి రాకపోయేసరికి, 1868లో వీటన్ వాళ్లు రాత్రికి రాత్రి వచ్చి కోర్టు నుంచి ఎత్తుకుపోయారు! నేపర్ సెటిల్‌మెంట్ మ్యూజియం చూసి వస్తూ ఈ కథ చెప్పుకుంటే పెద్దవాళ్లందరూ ఒకటే నవ్వు. జిల్లా కేంద్రం ఎక్కడుండాలన్న పేచీ మనకేం కొత్తా?

అన్నిటికంటే బాగా కుదిరింది సెంటెనియల్ బీచ్ నడక. బీచ్ అన్నమాటే గానీ సముద్రం లేదు. పాత సున్నపురాయి క్వారీలో నీళ్లు నింపి, ఊరికి వందేళ్లయిన సందర్భంగా 1931లో ఈతకు తెరిచారు. చీమకుర్తి నుంచి వచ్చిన ఒక సభ్యుడి నాన్నగారు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. “మా ఊళ్లో ఇలాంటి గుంటల దగ్గరికి పిల్లల్ని పోనివ్వం. వీళ్లు టికెట్ పెట్టారే!” అన్నారు. తర్వాత ప్యాంటు మడిచి తనే నీళ్లలో దిగారు.

బీచ్ పక్క నుంచే రివర్‌వాక్. ఊరికి 150 ఏళ్లు నిండాయని 1981లో జనమే చెయ్యేసి కట్టుకున్న నడకదారి అది. అక్కడి మోజర్ టవర్‌లో 72 గంటలున్నాయి, అవి 2000లో వచ్చాయి. వాటిని మోగించడాన్ని వాయించడం అనాలి, కచేరీలాగే ఉంటుంది. గడ్డి మీద దుప్పటి పరుచుకుని విన్నాం. పల్లీలు తెచ్చిన వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

1970లో సుమారు 23 వేలున్న జనాభా 2020కి 1,49,540 అయింది. 1966లో టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ రావడం, టోల్‌వే (టోల్ కట్టి వెళ్లే హైవే) దగ్గర్లో ఉండడం అందుకు పెద్ద కారణాలు. మనమూ అలా ఉద్యోగాల దారినే వచ్చినవాళ్లం.

వచ్చే ఏప్రిల్‌లో మొదటి నడక రైల్వే స్టేషన్ దగ్గర. 1946 ఏప్రిల్ 25న ఇక్కడ రెండు రైళ్లు గుద్దుకుని 45 మంది పోయారు. రోజూ అదే ప్లాట్‌ఫారం నుంచి షికాగో రైలెక్కే సభ్యుల్లో చాలామంది అక్కడున్న స్మారక శిల్పం ముందు ఒక్కసారీ ఆగలేదట. వచ్చేవాళ్లు పేర్లు ముందే ఇవ్వండి, ఈసారి పులిహోర లెక్క చూసి చేయిస్తాం.

కార్యదర్శి