క్విజ్ వెనక్కొచ్చిందని వదిలేయకు మామా

రేయ్ మామా,

నీ మెసేజ్ చదివాను, ఎడిటర్ నీకు రాసిన నోట్ కూడా నిదానంగా చదివాను. నీ కోపం అర్థమైంది. రాత్రుళ్ళు మేలుకొని మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీద పది ప్రశ్నలు తయారుచేసి పంపితే, ఈ వైపు ఎప్పుడూ రాని మనిషెవరో తిప్పి పంపారంటే ఎవరికైనా మండుతుంది. కానీ ఇక ఆ క్విజ్ సైట్ జోలికే పోనన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. నీ క్విజ్‌లో సరుకుంది. దాన్ని బయటికి తీయడానికే ఆయన అంత పొడుగు నోట్ రాశాడు. నచ్చనిదైతే ఒక్క ముక్కలో రిజెక్ట్ చేసి పక్కన పడేసేవాడు కదా.

ఇలాంటి సైట్లలో ఎడిటర్లు చాలావరకు జీతానికి పనిచేసే వాళ్ళు కారు. వాళ్ళూ మనలాగే క్విజ్‌లు ఆడి, రాసి, కొన్నాళ్ళకి ఒక విభాగం చూసుకోమంటే సరేనన్నవాళ్ళు. క్యూలో ఉన్న ఒక్కో క్విజ్‌నీ తీసి ప్రతి ప్రశ్నా, ప్రతి ఆప్షనూ, జవాబు కింద రాసిన నాలుగు ముక్కలూ చదివి, అనుమానం వచ్చిన చోట వెతికి చూస్తారు. ఆయనకి మన జిల్లాల గురించి ఏం తెలుసు అన్నావు. తెలియకపోవడమే నీకు మేలు, ఎందుకంటే నీ క్విజ్ ఆడేవాళ్ళలో ఎక్కువమందికి కూడా తెలియదు. ఆయన ఆగిన చోట వాళ్ళూ ఆగుతారు. నోట్‌ని ఆ లెక్కన ఇంకోసారి చదువు.

శ్రీహరికోట ప్రశ్నే తీసుకో. 'అక్కడి నుంచి ప్రయోగించిన మొదటి ఉపగ్రహం ఏది?' అని అడిగి జవాబు ఆర్యభట్ట అని పెట్టావు. రాకెట్ లేచిన రోజు మిద్దెక్కి చూస్తూ పెరిగిన మనకి అన్నీ అక్కడినుంచే వెళ్ళాయని అనిపించడం సహజమే, కానీ ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి వాళ్ళ రాకెట్ మీద వెళ్ళింది. శ్రీహరికోట నుంచి మన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ మొదటిసారి 1979 ఆగస్టు 10న లేచింది గానీ కక్ష్య దాకా పోలేదు, 1980 జూలై 18న రెండోసారి లేచినప్పుడు రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. అందుకని 'శ్రీహరికోట నుంచి వెళ్ళి కక్ష్యలోకి చేరిన మొదటి ఉపగ్రహం ఏది?' అని అడుగు. 'కక్ష్యలోకి చేరిన' అన్నది వదిలేస్తే 1979 నాటి సంగతి తెలిసినవాడు నీతో గొడవకొస్తాడు. ఆర్యభట్టని తప్పు ఆప్షన్లలో ఉంచి, కపుస్తిన్ యార్ కథ జవాబు కింద రాయి. చాలామంది దాన్నే నొక్కుతారు, నొక్కాక కొత్త సంగతి ఒకటి తెలుసుకుని పోతారు. ఇంతకంటే మంచి ప్రశ్న నీ క్విజ్‌లో ఇంకోటి ఉండదని నా నమ్మకం.

అదే శ్రీహరికోట ఏ జిల్లాలో ఉంది అన్న ప్రశ్నకి నెల్లూరు అని పెట్టావు. మనం చదువుకున్న పుస్తకాల్లో అదే ఉంది, కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట ఉన్న సూళ్ళూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది. జిల్లాల గీతలు మారతానే ఉంటాయి మామా. అలాంటి ప్రశ్నలో సంవత్సరం పెట్టాలి, లేదా ప్రశ్నే మార్చాలి. ఈరోజు సరైన జవాబు రేపు తప్పయితే ఆడినవాళ్ళు దిద్దుబాట్లు పంపుతూనే ఉంటారు, అవన్నీ చూడాల్సింది మళ్ళీ ఆ ఎడిటరే.

తొలి ముఖ్యమంత్రి ప్రశ్న దగ్గర ఆయన పట్టుకున్నది చిన్న విషయమే గానీ సరిగ్గా పట్టుకున్నాడు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది, దానికి తొలి ముఖ్యమంత్రి మన టంగుటూరి ప్రకాశం పంతులు. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న వచ్చింది, దానికి నీలం సంజీవరెడ్డి. నువ్వేమో ప్రశ్నలో 'ఆంధ్రప్రదేశ్' అని రాసి జవాబు ప్రకాశం అన్నావు, పైగా ఆప్షన్లలో ఇద్దర్నీ పెట్టావు. పొట్టి శ్రీరాములు గారి ప్రశ్న కూడా అలాంటిదే. నిరాహార దీక్ష ఎన్ని రోజులు అని అడిగితే ఒకచోట 56 ఉంటుంది, ఇంకోచోట 58 ఉంటుంది. ఆయన 1952 అక్టోబర్ 19న మొదలుపెట్టారు, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు, రెండు తేదీలూ కలిపి లెక్కేస్తే 58. అంత పెద్ద మనిషి ప్రాణత్యాగం మీద అంకె కోసం తగువులాడుకునేలా ప్రశ్న పెట్టడం నాకే నచ్చలేదు. దీక్ష ఏ నగరంలో చేశారని అడుగు. జవాబు మద్రాసు. జిల్లాకి ఆయన పేరుంది కాబట్టి నెల్లూరులో అనుకునేవాళ్ళు బోలెడుమంది.

తెలుగు మహాభారతంలో అరణ్యపర్వం ఎవరు రాశారన్న ప్రశ్నకి రెండు జవాబులున్నాయని ఎడిటర్ రాస్తే నువ్వు అంతలా ఎగిరావెందుకో నాకు అర్థం కాలేదు. మొదలుపెట్టింది నన్నయ, ఆయన ఆపిన చోటు నుంచి పూర్తిచేసింది ఎఱ్ఱన. 'నన్నయ వదిలిన భాగాన్ని పూర్తిచేసింది ఎవరు?' అంటే జవాబు ఒక్కటే. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు చేశాడు కాబట్టి ఆయన పేరు తప్పు ఆప్షన్‌గా చక్కగా సరిపోతుంది. తిక్కన మన నెల్లూరు, ఎఱ్ఱన అద్దంకి రెడ్డి రాజుల దగ్గర ఉన్నవాడు. ఇది నీ క్విజ్‌కి గుండెకాయ లాంటి ప్రశ్న, తీసేస్తానని మాత్రం అనొద్దు.

ఆప్షన్ల గురించి ఒక మాట. నెల్లూరు ఏ నది ఒడ్డున ఉందని అడిగి పెన్న, నైలు, థేమ్స్, అమెజాన్ అని ఇస్తే ఆడేవాడికి ఏముంటుందిరా? గుండ్లకమ్మ, మన్నేరు, స్వర్ణముఖి పెట్టు. తప్పు ఆప్షన్లలో కూడా మన నేల కనపడాలి. జవాబు కింద సమాచారం మాత్రం ఎక్కడినుంచో ఎత్తి అతికించకు. ఎడిటర్లు ఒక వాక్యం తీసి వెతికితే ఇట్టే దొరికిపోతుంది, అక్కడితో నీ మీద నమ్మకం పోతుంది, తర్వాత పంపే ప్రతిదాన్నీ అనుమానంగానే చూస్తారు.

ఇప్పుడు ఆయన మాట ఒప్పుకోకూడని చోటు చెప్తాను. బ్రెజిల్ నెలోర్ పశువుల ప్రశ్న తీసేయమన్నాడు, అది బ్రెజిల్ జాతి కదా అని. ఇక్కడ వెనక్కి తగ్గొద్దు. అవి మన ఒంగోలు పశువుల సంతతి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే అక్కడ ఆ పేరు. కానీ 'మా ఊరోడిని, నాకు తెలియదా' అని రాస్తే పని జరగదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరోలో ఒంగోలు జాతి వివరాలుంటాయి, బ్రెజిల్ వైపు నుంచి వాళ్ళ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా ఉంది. రెండు వైపులవీ లింకులు పెట్టి, రెండే రెండు వాక్యాల్లో మర్యాదగా చెప్పు. ఆధారం చూపిస్తే మంచి ఎడిటర్లు మాట మార్చుకుంటారు, నేను కళ్ళారా చూశాను. ఆధారం లేకుండా అరిచేవాళ్ళ క్విజ్ క్యూలో అడుగుకి పోవడం కూడా చూశాను.

ప్రకాశం జిల్లా ఏర్పడిన సంవత్సరం దగ్గర ఇద్దరూ సగం సగం కరెక్టే. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. నువ్వు 1970 అన్నావు, ఆయన 1972 కాదా అన్నాడు. సంవత్సరం మీద కొట్టుకునే బదులు, '1970లో ఏర్పడినప్పుడు ప్రకాశం జిల్లా పేరేంటి?' అని అడిగితే ఇద్దరి మాటా నిలబడుతుంది, ప్రశ్న కూడా ముందుకన్నా బాగుంటుంది.

ఇంకో సంగతి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా మళ్ళీ సబ్మిట్ కొట్టడం నీకు అలవాటు. ఈసారి అలా చేయొద్దు. ఆయన నోట్‌లో ఒక్కో పాయింట్ పక్కన నువ్వేం మార్చావో, ఏది ఎందుకు మార్చలేదో రాసి జతచేయి. మొదటినుంచి మళ్ళీ అంతా చదవాల్సిన పని తప్పుతుంది ఆయనకి. పంపాక రోజుకోసారి 'నాది ఏమైంది' అని అడక్కు, క్యూలో నీ ముందు ఎంతమంది ఉన్నారో మనకి కనపడదు. ఈలోగా రెండో క్విజ్ మొదలుపెట్టు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, మార్కాపురం పలకలు, వెంకటగిరి చీరలు, ఉదయగిరి చెక్క గరిటెలు, వీటి మీదే పది ప్రశ్నలు సులభంగా వస్తాయి. నాకైతే మొదటి క్విజ్ కన్నా ఇదే ఎక్కువ ఆడబుద్ధవుతుంది.

మార్చిన ప్రశ్నలు ముందు నాకు పంపు, జవాబులు లేకుండా. మా మేనల్లుడు బెంగళూరులోనే పుట్టి పెరిగాడు, ఈ వైపు సంగతులు వాడికి పెద్దగా తెలియవు, శనివారం వస్తున్నాడు. వాడిచేత ఆడించి, ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ 'ఇదేం ప్రశ్న మామయ్యా' అన్నాడో రాసి ఆదివారం సాయంత్రానికి నీకు పంపిస్తా.

నీ
నెల్లూరు దోస్తు