మందుల కవరు బెడ్ మీద కుమ్మరించిన డాక్టరమ్మకు

నాన్న సోమవారం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. నిన్న పొద్దున పేపరు తేవడం ఆలస్యమైందని నామీద విసుక్కున్నారు కూడా. ఆ విసుగు విని అమ్మ వంటింట్లో కళ్ళు తుడుచుకుంది.

నాన్నకు ఊపిరితిత్తుల టీబీ. మందులు మొదలెట్టి నెలన్నర. దగ్గు, జ్వరం తగ్గాయి గానీ మనిషి రోజురోజుకీ డీలా పడిపోయారు. చెంబులకొద్దీ నీళ్ళు తాగడం, రాత్రికి ఆరేడుసార్లు ఒంటికి లేవడం, మలబద్ధకం, వాంతులు. ‘టీబీ మాత్రలు వేడి’ అన్నవాళ్ళే అందరూ. షుగరేమో అని చూపించాం, లేదు. ఓ రాత్రి నన్ను పట్టుకుని మా చిన్నాన్న పేరుతో పిలిచారు. పక్కింటి బాబాయిగారు అప్పటికప్పుడు ఆటో తీశారు.

రక్తంలో కాల్షియం 11.9 వచ్చింది. 10.5 లోపు ఉండాలట. ఆ దాహం, మలబద్ధకం, మతి తప్పడం దానివల్లేనట. రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రోటీన్, ఆల్బుమిన్, 2.5 మాత్రమే ఉంది కాబట్టి లెక్క సరిచేస్తే 13.1 అవుతుందని డ్యూటీ డాక్టరమ్మ కాగితం మీద వేసి చూపించారు. ‘క్యాన్సరేమో’ అని వెనక ఎవరో అన్నారు. నాకు కాళ్ళు ఆడలేదు. ఆవిడ మాత్రం మా మందుల కవరు తీసుకుని బెడ్ మీద కుమ్మరించారు. అందులో 60,000 యూనిట్ల విటమిన్ డి సాషేలు, కాల్షియం మాత్రలు. బలానికని నేనే కొన్నాను. వారానికో సాషే పాలల్లో కలిపి నా చేత్తోనే ఇచ్చాను.

‘తప్పంతా వాటిది కాదండీ’ అన్నారావిడ. విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చేది మామూలుగా కిడ్నీ. ఎంత కావాలో అంతే మారుస్తుంది. టీబీ గడ్డల్లోని కణాలు కూడా ఆ పని చేస్తాయి, వాటికి అదుపు ఉండదు. పేగులు కాల్షియాన్ని అతిగా పీల్చుకుంటాయి. మామూలుగా కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలో తక్కువగా రావడంతో ఆవిడ అనుమానం బలపడింది. సాషేలు, కాల్షియం మాత్రలు ఆపి, సెలైన్ ఎక్కించి, కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇచ్చారు. టీబీ మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా ఆపనివ్వలేదు. ఆరో రోజుకి కాల్షియం 10.2.

రిపోర్టు ప్రింటు కాకముందే వార్డుకి ఫోన్ చేసి చెప్పిన ల్యాబ్ తమ్ముడికి, టీబీ మాత్రలు అయిపోతే ఇంటినుంచి వార్డుదాకా తెచ్చిచ్చిన ఆశా అక్కకి, బాబాయిగారికి దండాలు. ఇంట్లో టీబీ మందులు వాడేవాళ్ళుంటే, బలానికని విడిగా కొన్నవి కూడా డాక్టరుకి చూపించండి. మేం చూపించలేదు.

డాక్టరమ్మా, పేరు రాయొద్దన్నారు, రాయలేదు. వచ్చే సోమవారం మళ్ళీ కాల్షియం పరీక్షకు వస్తాం. ఈసారి ఆటోలో పడుకోబెట్టక్కర్లేదని నాన్న మరీ మరీ చెబుతున్నారు.