రిఫరెన్సులు చేత్తో టైపు చేయించకండి

సంపాదకులు గారికి,

పరిశోధన చేసే పిల్లల కోసం మీ చదువుల పేజీలో తరచూ సలహాలు వేస్తున్నారు. అంశం ఎంచుకోవడం దగ్గర్నుంచి వైవా (మౌఖిక పరీక్ష) దాకా అన్నీ రాశారు గానీ, ఆఖరి నెలలో వాళ్లని నిద్రపోనివ్వని రిఫరెన్సుల జాబితా, అంటే థీసిస్‌లో ఉదహరించిన పుస్తకాలు, వ్యాసాల పట్టిక గురించి ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఈ ఉత్తరం.

నా థీసిస్‌లో 212 రిఫరెన్సులు, అన్నీ చేత్తోనే టైపు చేశాను. ఇంకో వారంలో ఇచ్చేయాలనగా, నంబర్లు వద్దు, రచయిత పేరు, సంవత్సరం పద్ధతిలోకి మార్చమన్నారు. నాలుగు రాత్రులు కూర్చుని మార్చాను. అయినా థీసిస్ లోపల పేరుండి చివరి జాబితాలో లేనివి ఏడు మిగిలిపోయాయి, వైవాలో పరీక్షకులు పేజీ తిప్పి చూపిస్తుంటే నోట మాట రాలేదు. ఆ పని కంప్యూటర్ చేస్తుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

పరిశోధన వ్యాసాలు వెతుక్కునే గూగుల్ స్కాలర్‌లో గానీ, వైద్య వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌లో గానీ ప్రతి వ్యాసానికీ 'సైట్' అనే బటన్ ఉంటుంది, దాంట్లోంచే రిఫరెన్సు వివరాల ఫైలు దించుకోవచ్చు. స్కాలర్ బిబ్‌టెక్ రూపంలో ఇస్తుంది, పబ్‌మెడ్ ఎన్‌బిబ్ ఫైలు ఇస్తుంది, చాలా జర్నల్ సైట్లు ఆర్ఐఎస్ ఇస్తాయి, ఇవన్నీ రిఫరెన్సు వివరాలు దాచే ఫైలు రకాలే. ఒక ఆర్ఐఎస్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, భయపడాల్సిందేమీ ఉండదు. ప్రతి వరుసకీ ముందు రెండక్షరాలు: టీవై అంటే అది ఏ రకం రచన, ఏయూ రచయిత, పీవై సంవత్సరం, ఈఆర్ వచ్చిందంటే ఆ రచన వివరాలు అక్కడితో అయిపోయినట్టు. రచయితలు ముగ్గురుంటే ఏయూ వరుసలు మూడు ఉంటాయి.

చిక్కంతా ఈ ఫైలుని వర్డ్‌లోకి తెచ్చుకోవడం దగ్గరే. వర్డ్‌లో 2007 నుంచీ రిఫరెన్సుల ట్యాబ్ ఉంది గానీ అది ఆర్ఐఎస్‌ని నేరుగా తీసుకోదు, సోర్సులు ఒక్కొక్కటీ డబ్బాల్లో నింపుకోవాలి. అందుకని మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలి. నేను వాడేది జొటేరో, 2006 నుంచీ ఉంది, ఉచితం. ఫైలు ఇస్తే తీసుకుంటుంది, ఫైలు లేకపోయినా డీఓఐ నంబరో (ఒక్కో వ్యాసానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) పుస్తకం ఐఎస్‌బీఎన్నో అతికిస్తే మిగతా వివరాలు తనే తెస్తుంది. వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ దాని బటన్లు వచ్చి కూర్చుంటాయి. నేను నాలుగు రాత్రులు చేసిన మార్పు, కావాల్సిన రిఫరెన్సు పద్ధతి (స్టైల్) పేరు ఎంచుకుని ఓకే నొక్కితే అయిపోతుంది. పైగా లోపల ఉన్నవన్నీ జాబితాలో ఉంటాయి.

అలాగని వచ్చిందల్లా కళ్లు మూసుకుని వాడకూడదు. డేటాబేస్‌లో తప్పుంటే ఆ తప్పే మన థీసిస్‌లోకి వస్తుంది. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్‌ని కొన్నిసార్లు మనిషి పేరనుకుని ఆర్గనైజేషన్‌ని ఇంటిపేరు చేసేస్తుంది, జాబితాలో అది ఎక్కడో 'ఓ' కింద తేలుతుంది. జొటేరోలో ఆ పేరుని ఒకే డబ్బాలోకి మారిస్తే సరిపోతుంది. ఒకే వ్యాసాన్ని రెండు చోట్ల నుంచి తెచ్చుకుంటే అదే రచయిత ఒకే ఏడాది రాసిన వేర్వేరు రచనలనుకుని 2019ఏ, 2019బీ అని రెండు రచనల్లా కనపడుతుంది, అలాంటివి ముందే కలిపేసుకోవాలి. ఇంకో మాట, తప్పు కనపడితే వర్డ్‌లో దిద్దకండి, జొటేరోలోనే దిద్దండి, లేకపోతే తర్వాత రిఫ్రెష్ చేసినప్పుడు పాత తప్పే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఈమధ్య ఇంకో బెంగ పట్టుకుంది నాకు. పిల్లలు చాట్‌బాట్‌ని అడిగి జాబితాలు తయారు చేసుకుంటున్నారు, అందులో అసలు పుట్టని వ్యాసాలు కూడా ఉంటున్నాయి. పేర్లు, జర్నల్, పేజీ నంబర్లు అన్నీ నిజంలాగే ఉంటాయి, వెతికితే ఎక్కడా ఉండవు. ప్రతి రిఫరెన్సునీ డేటాబేస్ నుంచే తెచ్చుకునే అలవాటుంటే లేని వ్యాసం దగ్గర అక్కడే ఆగిపోతాం.

గైడ్లకి, లైబ్రేరియన్లకి నా విన్నపం ఒక్కటే. దీన్ని ఆఖరి నెలకి వదిలేయకండి, పిల్లలు మొదటి వ్యాసం చదివిన రోజే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, గంట చాలు. మీరు కూడా చదువుల పేజీలో ఒక వారం దీనికి కేటాయిస్తే, స్క్రీన్ బొమ్మలతో రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు