నలభై ఐదు దాటాక క్రూజర్ కొనేవాళ్లకి సీసీ లెక్కలొక్కటే చాలవు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆటో పేజీ వస్తే ముందు అదే తిప్పుతాను నేను. కొత్త బండి వచ్చిందంటే ఎన్ని సీసీ, పవర్ ఎంత, మైలేజ్ ఎంత, ఎక్స్ షోరూమ్ ఎంత, అన్నీ బానే ఇస్తున్నారు. కానీ ఈ క్రూజర్లు, అదే సీటు కిందకి ఉండి తీరిగ్గా కూర్చుని దూరాలు వెళ్లే బరువైన బండ్లు, కొనేవాళ్లలో కుర్రాళ్లే లేరండీ, మా బ్యాచ్ వాళ్లూ ఉన్నారు. కాలేజీ రోజుల్లో ఆర్ఎక్స్ 100లూ స్ప్లెండర్లూ తోలి, పెళ్లయ్యాక కారుకో యాక్టివాకో మారిపోయి, పిల్లలు హాస్టల్‌కి వెళ్లి ఇంటి లోన్ కాస్త సర్దుకున్నాక మళ్లీ గేర్ బండి మీద మనసు పడ్డవాళ్లం. మాకు కావాల్సిన ముక్క మాత్రం ఏ రివ్యూలోనూ కనపడదు, అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతి బరువు. మా చేతులకి గుర్తున్నది ఆర్ఎక్స్ 100, వంద కేజీలకి కాస్త అటూ ఇటూ ఉండే బండి, ఒంటిచేత్తో గుమ్మం ఎక్కించేసేవాళ్లం. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 అయితే 191 కేజీలు, వాళ్లదే సూపర్ మీటియర్ 650 అయితే 241. రోడ్డెక్కి కదిలాక ఆ తేడా పెద్దగా తెలీదు, హైవే మీద ఇంకా హాయిగా ఉంటుంది కూడా, ఆపాకే తెలుస్తుంది. మన ఇళ్ల ముందు గేటు దగ్గర ర్యాంప్ ఉంటుంది కదా, మురిక్కాలవ మీద సిమెంట్ పోసి కట్టింది, నిటారుగా. లోపల ముందుకి పెట్టిన బండిని పొద్దున్నే ఆ ర్యాంప్ మీదుగా వెనక్కి దించాలి, ఒక కాలు కిందకి అందీ అందకా, కాలి కింద ఇసక, ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి చూస్తుంటాడు. ఆ అర నిమిషం ఏ వీడియోలోనూ చూపించరు. నాకు తెలిసి మా వయసు వాళ్లు బండి పడేసేది ఎనభై స్పీడ్‌లో కంటే ఇలా సున్నా స్పీడ్‌లోనే ఎక్కువ.

అందుకే సీట్ హైట్ చూడమంటాను. మీటియర్ 765 మిల్లీమీటర్లు, బజాజ్ ఎవెంజర్ 220 అయితే 737, బరువు కూడా 163 కేజీలే, రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనతాయి. క్రూజర్ కాని మామూలు ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు 805, పొడుగున్నోళ్లకి పర్లేదు, మిగతావాళ్లు సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడాలి. అలాగని సీటు కిందకి ఉంటే అంతా మంచిదేనా అంటే కాదు. ఎవెంజర్ లాంటి వాటిలో కాళ్లు ముందుకి చాచి కూర్చుంటాం, చూడ్డానికి దర్జాగానే ఉంటుంది, కానీ గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి దెబ్బ తప్పించుకుందామంటే కుదరదు, దెబ్బంతా వెన్నుపూస కిందే తగుల్తుంది. నడుములో డిస్క్ సమస్య ఉన్నోళ్లు ఇది రెండుసార్లు ఆలోచించుకోవాలి. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ, ఇంకోటి, సూపర్ మీటియర్‌ది 135 మిల్లీమీటర్లే, మన ఊళ్లలో ఎవరికి వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లకి అది సరిపోతుందా అనేది కొనబోయేవాళ్లే వాళ్ల వీధిలోకి వెళ్లి చూసుకోవాలి.

వెనక సీటు గురించి రాసేవాళ్లే లేరు. మా ఆవిడ ఎక్కితేనే కదా ఆదివారం మారేడుమిల్లి దాకా వెళ్లొచ్చేది! చీర కట్టుకుని ఒకవైపు కూర్చునేవాళ్లకి కాలు ఎక్కడ పెట్టుకోవాలి, చీర గార్డు ఉందా, పట్టుకోడానికి గ్రాబ్ రైల్ ఉందా లేక బ్యాక్‌రెస్ట్ విడిగా కొనుక్కోమంటారా, ఇవన్నీ షోరూమ్‌లో ఆవిడని కూర్చోబెడితే గానీ తెలీవు. అక్కడి కొండ ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపుల దగ్గర ఇద్దరి బరువుతో మెల్లగా తిప్పాలంటే పొడుగు వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) ఉన్న బండికి రోడ్డు ఎక్కువ కావాలి, ఎదురుగా బస్సు వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు.

గేర్లలో కూడా తేడా ఉంది. స్ప్లెండర్‌లో అన్ని గేర్లూ ముందుకి నొక్కడమే, వీటిలో ఫస్ట్ కిందకి, మిగతావన్నీ పైకి. పాత అలవాటులో పై గేర్ కోసం ముందుకి నొక్కితే కింద గేర్ పడి బండి ఒక్కసారిగా గుంజేస్తుంది. ఏబీఎస్, అంటే చక్రం పట్టేసి జారకుండా చూసే బ్రేక్ ఏర్పాటు, ఉంటే సడన్ బ్రేక్ వేసినప్పుడు లివర్ చేతి కింద టకటకా కొట్టుకుంటుంది, అది రిపేరు అనుకుని బ్రేక్ వదిలేయకూడదు, అలాగే పట్టి ఉంచాలి. ఇవి చెప్పేవాళ్లు కావాలి మాకు. హెల్మెట్ కూడా కళ్లజోడుతో పాటు పెట్టి చూసుకోవాలి, కళ్లజోడు కాడలు నొక్కేస్తే అరగంటలో కణతలు పీకేస్తాయి.

ఈమధ్య ఒక షోరూమ్‌కి వెళ్తే, పేరెందుకు లెండి, 350 చాలు బాబూ అంటే వినడు, మీ పర్సనాలిటీకి 650 ఏ సార్ అంటాడు. టెస్ట్ రైడ్ అంటే ఎదురుగా రోడ్డు మీద ఆ పెట్రోల్ బంక్ దాకా వెళ్లి యూ టర్న్ కొట్టి వచ్చేయడం, అంతే, వెనక సేల్స్ కుర్రాడు కూర్చుంటాడు. లక్షలు పోసే దానికి అదేం టెస్టండీ? నేనైతే ఇంజిన్ ఆపేసి బండిని పది అడుగులు వెనక్కి నెట్టి, స్టాండ్ వేసి, మళ్లీ తీసి చూస్తా, ఆ కుర్రాడు నవ్వుకున్నా పర్లేదు.

డబ్బు లెక్క కూడా ఇప్పుడు చిన్న బండి వైపే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి 40 అయింది. మీటియర్, హోండా హైనెస్ లోపలే పడ్డాయి, హార్లే ఎక్స్440, 650లు బయట పడ్డాయి. గవర్నమెంట్ మా నడుముల గురించే ఆలోచించిందో ఏమో!

లైసెన్స్ కూడా ఒకసారి తీసి చూసుకోండి. కారుది ఒక్కటే ఉంటే గేర్ బండికి చెల్లదు, గడువు అయిపోయి ఏడాది దాటితే మళ్లీ టెస్టే, నలభై దాటినవాళ్లకి డాక్టర్ సర్టిఫికెట్ ఫారం 1ఏ కూడా అడుగుతారు.

కాబట్టి ఎడిటర్ గారూ, రివ్యూ పక్కన చిన్న బాక్స్ వేయించండి. బండి బరువు, సీటు ఎత్తు, వెనక సీటు ఎలా ఉంది, ఇంజిన్ ఆపి నెడితే ఎంత కష్టం, ఈ నాలుగూ చాలు, వీలైతే రివ్యూ రాసే కుర్రాడితో పాటు మాలాంటి వాణ్ని ఒకణ్ని కూడా ఎక్కించండి. మావైపు నుంచి మనుషులు కావాలంటే వాలంటీర్లకి కొదవ లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, రాజమండ్రి