షెఫీల్డ్ ఎఫ్‌సీ చరిత్ర రాయడానికి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మా తెలుగు సంఘం ఉగాది సంచిక కోసం షెఫీల్డ్ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర రాయడం మొత్తానికి పూర్తయింది. ఇది నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సాయం చేసినవాళ్లకు ఫోన్లు చేసి చెప్పినా తృప్తి కలగలేదు. అందుకే నలుగురిలో చెబుతున్నాను.

ఇంగ్లాండ్‌లోని ఈ షెఫీల్డ్ ఊళ్లో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఫుట్‌బాల్ అంటే షెఫీల్డ్ యునైటెడ్, షెఫీల్డ్ వెన్స్‌డే అనే రెండు పెద్ద క్లబ్బులే. ఆ రెండూ పుట్టకముందే, 1857 అక్టోబర్ 24న నథానియల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ పెట్టిన క్లబ్ ఇంకా ఆడుతూనే ఉంది. నేటికీ నడుస్తున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. 2004లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌తో పాటు దీనికీ ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారం ఇచ్చింది. అయినా టీవీలో కనిపించే లీగుల కింద, నాన్‌-లీగ్‌లో, వలంటీర్ల చలవతో నెట్టుకొస్తున్న చిన్న క్లబ్.

ముందుగా గేటు దగ్గర టికెట్లు చూసే పెద్దాయనకు దణ్ణం పెట్టాలి. చలిలో నిలబడే, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూనే నాకు ఎన్నో సంగతులు చెప్పారు. 2001లో డ్రాన్‌ఫీల్డ్‌లో కోచ్ అండ్ హార్సెస్ పబ్ పక్కనున్న మైదానానికి వచ్చేదాకా క్లబ్‌కు సొంత చోటే లేదట. ఔలర్టన్, డాన్ వ్యాలీ స్టేడియాల్లో తలదాచుకున్న రోజుల గురించి ఆయన చెబుతుంటే, అంత పేరున్న క్లబ్‌కు ఇన్ని తిప్పలా అనిపించింది. చిన్న క్లబ్బుల కప్పు అయిన ఎఫ్ఏ వాజ్ 1977 ఫైనల్ గురించి అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. లండన్ వెంబ్లీ స్టేడియంలో 1-1 డ్రా, నాటింగ్‌హామ్‌లో మళ్లీ ఆడిన మ్యాచ్‌లో బిల్లెరికే టౌన్ చేతిలో 2-1 ఓటమి. ఓడిన మ్యాచ్‌ను అంత ప్రేమగా చెప్పేవాళ్లను నేను చూడలేదు.

లైబ్రరీ సిబ్బంది ఓపికకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. పాత పేపర్లు చదవడం రాని నా పక్కన కూర్చుని మరీ చూపించారు. పొరుగు క్లబ్ హాలమ్‌తో 1860 డిసెంబర్ 26న శాండీగేట్ మైదానంలో మంచు మీద ఆడి 2-0తో గెలిచిన మ్యాచ్ వార్త దొరికినప్పుడు వాళ్లకూ నా అంత సంబరం! 1858లో రాసుకున్న నియమాలు అర్థమయ్యేలా చెప్పిందీ వాళ్లే. చేత్తో తోయొచ్చు కానీ, కాలు అడ్డంపెట్టి పడేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. ప్రతి ఆటగాడూ ఎరుపు ఒకటి, ముదురు నీలం ఒకటి, ఫ్లానెల్ టోపీలు తెచ్చుకోవాలి. మొదట్లో సభ్యులు తమలో తామే జట్లుగా విడిపోయి ఆడేవారు మరి, ఎవరు ఎటువైపో తెలియాలి కదా.

ఆ నియమాల ప్రతితో సహా పాత కాగితాలను 2011లో వేలంలో 8,81,250 పౌండ్లకు అమ్మేశారు. క్లబ్ భవిష్యత్తుకు డబ్బు కావాలి. అది తప్పని నేననను కానీ, ఆ పేరా రాస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంది.

ప్రతి వారం కారులో దింపిన తమ్ముడికి, రాసిందంతా దిద్ది, నేను మురిసిపోయి పెంచిన పేజీలను నిర్దాక్షిణ్యంగా కొట్టేసిన అక్కకు ప్రత్యేక కృతజ్ఞతలు. అక్కా, ఇప్పుడు చదివితే నువ్వే కరెక్ట్.

సంచిక ప్రెస్‌కు వెళ్లింది. అందరి పేర్లూ మొదటి పేజీలోనే వేయించాం. పెద్దాయనకు తెలుగు రాదు కాబట్టి, ఆయన చెప్పిన భాగాన్ని ఇంగ్లీషులో టైప్ చేసి వచ్చే శనివారం మ్యాచ్‌కు తీసుకెళ్తున్నాను. వచ్చేవాళ్లుంటే చెప్పండి, కలిసి వెళ్దాం.